ముఖం రంగు మారకుండా వెలుగు సరిచేయడం ఎలా? ఫొటోలో మనిషిని, నేపథ్యాన్ని వేరువేరుగా సవరించే ‘మాస్కు’ విధానం

బాహూరు (పుదుచ్చేరి): పుదుచ్చేరి నగరానికి దక్షిణాన సుమారు 20 కి.మీ. దూరంలో ఉన్న బాహూరు వరి పొలాలకు పేరు పొందిన ఊరు. ఊసుడు చెరువు తరువాత పుదుచ్చేరి ప్రాంతంలో రెండో పెద్ద చెరువు ఇక్కడే ఉంది. చోళుల కాలం నాటి మూలనాథర్ ఆలయం, పల్లవ రాజు నృపతుంగవర్మ తామ్రశాసనంలో ప్రస్తావనకు వచ్చిన విద్యాస్థానం ఈ ఊరికి చరిత్రలో స్థానం కల్పించాయి. పొలం, చెరువు, గుడి, వాటి ముందు మనిషి. ఫొటో తీసేవారికి ఇంతకంటె మంచి దృశ్యం దొరకదు. చిక్కంతా వెలుగుతోనే వస్తుంది.

మధ్యాహ్నం వేళ గట్టు మీద నిలబడిన రైతును ఫొటో తీస్తే వెనుక ఆకాశం తెల్లగా మెరుస్తుంది. మడిలో నిలిచిన నీరు ఆ వెలుగును తిరిగి విసురుతుంది. తెల్లటి పంచె కళ్లు చెదిరేలా కనిపిస్తుంది. తలపాగా నీడలో ఉన్న ముఖం మాత్రం నల్లని మచ్చలా మిగులుతుంది. ఫొటో మొత్తాన్ని ఒకేసారి కాంతివంతం చేస్తే ముఖం కనిపిస్తుంది గానీ, ఆకాశంలోని మబ్బులు, పంచె మడతలు మాయమవుతాయి. మొత్తాన్ని ముదురు చేస్తే మబ్బులు వస్తాయి, మనిషి పోతాడు.

ఈ చిక్కుకు ఫొటో సవరణలో ఉన్న పరిష్కారమే మాస్కు. మనిషికి ఒక సవరణ, నేపథ్యానికి మరొక సవరణ విడివిడిగా చేయడానికి ఇది వీలు కల్పిస్తుంది. ఒకప్పుడు స్టూడియో నిపుణులకు మాత్రమే తెలిసిన ఈ పని నేడు చేతిలోని ఫోన్‌లోనే జరిగిపోతోంది. అందువల్లనే అది ఎలా పనిచేస్తుందో, ఎక్కడ ఆగాలో తెలుసుకోవడం అవసరమవుతోంది.

కెమెరాకు ఎందుకు చేతకాదు?

మనిషి కన్ను వెలుగును, నీడను చూస్తున్నప్పుడు క్షణక్షణం సర్దుకుంటుంది. ఆకాశాన్ని చూసేటప్పుడు ఒకలా, ముఖాన్ని చూసేటప్పుడు మరొకలా మారుతుంది. కెమెరా మీట నొక్కిన క్షణంలో దృశ్యం మొత్తానికి ఒకే కొలత తీసుకుంటుంది. సాధారణంగా కెమెరాలోని కాంతి మాపకం దృశ్యపు సగటు వెలుగును మధ్యస్థ బూడిద రంగుకు దగ్గరగా తీసుకురావాలని చూస్తుంది. ఫ్రేములో సగం వరకు మెరిసే ఆకాశమే ఉంటే ఆ సగటు పెరుగుతుంది. దానిని తగ్గించబోయి కెమెరా మనిషిని చీకటి చేస్తుంది.

ఫొటో ఫైలు రకం కూడా ముఖ్యమే. సాధారణ జేపెగ్ ఫైలులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులలో ఒక్కొక్కదానికి 256 స్థాయిలు మాత్రమే ఉంటాయి. కెమెరా సెన్సరు నుంచి నేరుగా వచ్చే ‘రా’ ఫైలు 12 బిట్లదైతే 4,096 స్థాయిలు, 14 బిట్లదైతే 16,384 స్థాయిలు ఉంటాయి. నీడలో దాగిన ముఖాన్ని పైకి తీసుకురావాలంటే ఈ అదనపు సమాచారమే ఆధారం. ఆకాశం పూర్తిగా తెల్లబడిపోయి సమాచారమే నమోదు కాకపోతే మాస్కు కూడా ఏమీ చేయలేదు. అందుకే ఎండలో ఫొటో తీసేటప్పుడు ఆకాశం కాలిపోకుండా కొద్దిగా తక్కువ వెలుగుతో తీసి, ముఖాన్ని తరువాత సవరించడం మేలు.

మాస్కు అంటే ఏమిటి?

మాస్కు అనగానే కత్తెరతో బొమ్మను కత్తిరించడమేనని చాలామంది అనుకుంటారు. నిజానికి అది కత్తిరింపు కాదు, ఒక కొలత. ఫొటోకు సరిగ్గా అంతే పరిమాణంలో ఉండే మరో నలుపు తెలుపు చిత్రమే మాస్కు. అందులో తెల్లగా ఉన్నచోట సవరణ పూర్తిగా వర్తిస్తుంది. నల్లగా ఉన్నచోట అసలు వర్తించదు. బూడిద రంగులో ఉన్నచోట ఆ రంగు ముదురును బట్టి కొంత మేరకే వర్తిస్తుంది.

ఒక లెక్క చూస్తే ఇది స్పష్టమవుతుంది. ఆకాశంలో ఒక బిందువు వెలుగు విలువ 200 అనుకుంటే, దానిని 140కి తగ్గించాలన్నది సవరణ. ఆకాశం మీద మాస్కు తెల్లగా ఉంటే ఆ విలువ 140 అవుతుంది. ముఖం మీద మాస్కు నల్లగా ఉంటుంది కనుక అక్కడి విలువ ఉన్నది ఉన్నట్టే నిలుస్తుంది. తలపాగా అంచు వద్ద మాస్కు సగం బూడిద రంగులో ఉంటే, అక్కడ 200 విలువ గల బిందువు రెండింటికీ మధ్యనున్న 170కి చేరుతుంది. మధ్యస్థమైన ఈ మెట్టు వల్లనే సవరణ మొదలైన చోటు కంటికి తెలియకుండా కలిసిపోతుంది.

అసలు ఫొటో చెరగకపోవడం మాస్కులోని మరో సౌకర్యం. తెల్లని చోట నల్ల రంగు పూస్తే సవరణ తొలగిపోతుంది, మళ్లీ తెల్ల రంగు పూస్తే తిరిగి వస్తుంది. తప్పు జరిగితే దిద్దుకునే అవకాశం చివరి వరకు ఉంటుంది.

చీకటి గది నుంచి చేతి ఫోన్ వరకు

ఈ అవసరం కంప్యూటర్లతో పుట్టినది కాదు. 19వ శతాబ్దం మధ్యలో వాడిన ఫొటో రసాయనాలు నీలి రంగుకు అతిగా స్పందించేవి. అందువల్ల నేలకు సరిపడా వెలుగిస్తే ఆకాశం వెలవెలబోయేది. ఫ్రాన్స్‌కు చెందిన గుస్తావ్ లె గ్రే 1850ల దశకంలో సముద్రానికి ఒక నెగెటివ్, ఆకాశానికి మరొక నెగెటివ్ వాడి, రెండింటినీ ఒకే కాగితంపై ముద్రించాడు. ఒక భాగాన్ని ముద్రిస్తున్నప్పుడు రెండో భాగంపై వెలుగు పడకుండా కప్పి ఉంచడమే అందులోని కిటుకు. తరువాతి కాలంలో చీకటి గదిలో పనిచేసేవారు ఎన్‌లార్జరు వెలుగు కింద చేతిని లేదా కత్తిరించిన అట్టముక్కను అడ్డుపెట్టి ముఖాన్ని తేటపరచేవారు. అట్టకు చేసిన రంధ్రం గుండా వెలుగు పంపి ఆకాశాన్ని ముదురు చేసేవారు. నేటి సాఫ్ట్‌వేర్‌లోని ‘డాడ్జ్’, ‘బర్న్’ పరికరాలకు ఆ పేర్లు అక్కడి నుంచే వచ్చాయి.

తెలుగువారికి ఈ మాట సినిమాల ద్వారా పాతదే. ఒకే నటుడు ఇద్దరిగా కనిపించే దృశ్యాలను ‘మాస్కు షాట్’ అని పిలవడం పరిశ్రమలో వాడుక. కెమెరాను కదలకుండా బిగించి, కటకం ముందు సగభాగాన్ని నల్లని అట్టతో మూసి, మిగిలిన సగంలో నటుడిని చిత్రీకరిస్తారు. తరువాత ఫిల్మును వెనక్కి తిప్పి, మూసిన సగాన్ని తెరిచి, తెరిచిన సగాన్ని మూసి రెండో పాత్రను చిత్రీకరిస్తారు. రెండు సగాలు కలిసే గీత ఏ స్తంభం మీదో, ద్వారబంధం మీదో పడేలా జాగ్రత్త వహిస్తారు. 1961 నాటి ‘సీతారామ కళ్యాణం’లో ఎన్.టి. రామారావు పోషించిన రావణ పాత్రకు పది తలలు చూపడంలోనూ, 1964 నాటి ‘రాముడు భీముడు’లో ఆయన ద్విపాత్రాభినయంలోనూ ఛాయాగ్రాహకుడు రవికాంత్ నగాయిచ్ చూపిన ప్రతిభ ఈ కోవలోనిదే. నటుడు గానీ వెలుగు గానీ ఆ గీత దాటితే మొత్తం షాట్ వృథా అయ్యేది.

కంప్యూటర్లలో 1970ల దశకం చివర అమెరికాలో ఆల్వీ రే స్మిత్, ఎడ్ క్యాట్‌మల్ ‘ఆల్ఫా చానల్’ అనే భావనకు రూపమిచ్చారు. ప్రతి బిందువుకూ మూడు రంగులతో పాటు, అది ఎంత మేరకు కనిపించాలో తెలిపే నాలుగో విలువను చేర్చడం దాని సారాంశం. ఫొటోషాప్ తొలి రూపం 1990లో వెలువడింది. పొరలుగా పనిచేసే సౌకర్యం 1994 నాటి మూడో రూపంతో వచ్చింది. 2021లో లైట్‌రూమ్‌లో మనిషిని, ఆకాశాన్ని ఒక్క మీటతో గుర్తించే సదుపాయం చేరింది. 2023 ఏప్రిల్‌లో మెటా సంస్థ విడుదల చేసిన ‘సెగ్మెంట్ ఎనీథింగ్’ నమూనాకు శిక్షణ ఇచ్చేందుకు కోటీ 10 లక్షల చిత్రాలు, 100 కోట్లకు పైగా మాస్కులు ఉపయోగపడ్డాయి. చేయి తిరిగినవారు గంటసేపు గీసే అంచును యంత్రం క్షణాల్లో గీస్తోంది.

మాస్కు గీయడంలో పద్ధతులు

ఏ సాఫ్ట్‌వేర్ వాడినా మాస్కు గీసే పద్ధతులు దాదాపు ఒకటే. డబ్బు చెల్లించి వాడే ఫొటోషాప్, లైట్‌రూమ్‌లలోనే కాక ఉచితంగా లభించే గింప్, డార్క్‌టేబుల్‌లలో కూడా వీటిలో చాలావరకు ఉన్నాయి.

మొదటిది కుంచె. కావలసిన చోట చేత్తో పూయడమే. చిన్న భాగాలకు, యంత్రం పొరబడిన చోట దిద్దడానికి ఇది తప్పనిసరి.

రెండోది వాలు మాస్కు. పైనుంచి కిందికి క్రమంగా పలచబడే ఈ మాస్కు ఆకాశానికి అనువైనది. చెరువు అవతలి గట్టు వరకు ఆకాశాన్ని ముదురు చేసి, అక్కడి నుంచి సవరణ తగ్గేలా దీనిని అమర్చవచ్చు.

మూడోది వలయాకార మాస్కు. ముఖం చుట్టూ అండాకారంలో గీసి, వెలుగు మెల్లగా పెంచడానికి వాడతారు.

నాలుగోది వెలుగు లేదా రంగు స్థాయిని బట్టి ఏర్పడే మాస్కు. మరీ మెరిసే భాగాలు మాత్రమే, లేదా వరి ఆకుపచ్చ మాత్రమే ఎంపికయ్యేలా హద్దులు నిర్ణయించవచ్చు. కొబ్బరాకుల సందుల్లోంచి కనిపించే ఆకాశాన్ని కుంచెతో పట్టుకోవడం అసాధ్యం. వెలుగు స్థాయి ఆధారంగా ఎంచుకుంటే అది సులువుగా చేతికొస్తుంది.

అయిదోది యంత్రమే మనిషిని గుర్తించే విధానం. దీనికి ఒక సుగుణం ఉంది. మనిషిని ఎంపిక చేసిన మాస్కును తిరగవేస్తే అదే నేపథ్యపు మాస్కు అవుతుంది. ఒక మాస్కు నుంచి మరొకదానిని తీసివేయవచ్చు, రెండూ కలిసే చోటును మాత్రమే ఉంచుకోవచ్చు. ఉదాహరణకు ఆకాశానికి గీసిన వాలు మాస్కు గట్టు మీద నిలబడిన మనిషి తలమీదికి కూడా దిగితే, దానిలోంచి మనిషి మాస్కును తీసివేస్తే సరిపోతుంది.

ముందు నేపథ్యం, ఆ తరువాతే ముఖం

సవరణలో క్రమం ముఖ్యం. ముందుగా ఫొటో మొత్తానికి వర్తించే రంగుల సమతుల్యతను, వెలుగును సరిచేయాలి. తరువాత నేపథ్యం, చివరగా మనిషి. ఈ వరుసను తారుమారు చేస్తే ఎక్కువ నష్టం ముఖానికే జరుగుతుంది.

చీకటి పడిన ముఖాన్ని చూడగానే దానిని కాంతివంతం చేయాలనిపించడం సహజం. అయితే ముఖం చీకటిగా తోచడానికి సగం కారణం దాని వెనుకనున్న మెరుపే. నేపథ్యం వెలుగును తగ్గించగానే ముఖం విలువ ఏమాత్రం మారకపోయినా కంటికి తేటగా కనిపిస్తుంది. ఆ తరువాత నీడలను కొద్దిగా పైకి తీస్తే చాలు. దీనికి బదులు ముఖాన్నే పెంచుతూ పోతే చర్మం అసలు రంగు పోయి బూడిద పూసినట్టుగా తయారవుతుంది. ఎండలో పనిచేసే మనిషి చామనఛాయ ఫొటోలో తెల్లబారుతుంది.

మన దేశంలో ఇది చిన్న విషయం కాదు. పెళ్లి ఫొటోలలో, గుర్తింపు ఫొటోలలో అడగకపోయినా రంగు తేల్చి ఇవ్వడం అనేక స్టూడియోలలో అలవాటుగా మారింది. ఫోన్లలోని ‘బ్యూటీ’ సదుపాయం అదే పనిని చెప్పకుండా చేస్తోంది. చర్మం రంగుతో ఆడుకుంటే అర్థం ఎంతగా మారుతుందో తెలిపే ఉదాహరణ 1994 జూన్‌లో అమెరికాలో కనిపించింది. హత్య కేసులో అరెస్టయిన ఓ.జె. సింప్సన్ పోలీసు ఫొటోను ‘టైమ్’ పత్రిక ముఖచిత్రంగా ముదురు చేసి ప్రచురించింది. అదే ఫొటోను ‘న్యూస్‌వీక్’ ఉన్నది ఉన్నట్టుగా వేసింది. దుకాణాల్లో పక్కపక్కనే ఉన్న రెండు సంచికలను చూసిన పాఠకులు తీవ్రంగా ఆక్షేపించారు. నల్లజాతి వ్యక్తిని మరింత నల్లగా చేసి భయం గొలిపేలా చూపారన్నది వారి అభ్యంతరం. తెల్లబరచడం, నల్లబరచడం రెండూ ఒకే తప్పుకు రెండు ముఖాలు.

అందుకే మనిషి మాస్కు మీద పనిచేసేటప్పుడు వెలుగును మాత్రమే మార్చాలి, రంగు గాఢతను కదిలించకూడదు. చేతులు, మెడ, ముఖం ఒకే ఛాయలో ఉన్నాయో లేదో పోల్చి చూడాలి. ముఖం ఒక్కటే చేతుల కంటె తేలిగ్గా కనిపిస్తే సవరణ శ్రుతి మించినట్టే.

అంచు చెప్పే నిజం

మాస్కు సరిగా లేదని అంచులే పట్టిస్తాయి. తల చుట్టూ తెల్లని వెలుగు చారను ‘హాలో’ అంటారు. ఆకాశాన్ని ముదురు చేసినప్పుడు మాస్కు మనిషి అంచు వరకు చేరకుండా ఆగితే, మధ్యలో పాత ఆకాశం సన్నని గీతగా మిగిలి ఈ చార ఏర్పడుతుంది. మాస్కు అంచును ఒకటి రెండు బిందువుల మేర లోపలికి జరపడం, అంచును మెత్తబరచడం దీనికి మార్గాలు. అయితే అన్ని అంచులూ ఒకే తీరుగా ఉండవు. భుజం, పంచె వంటి చోట్ల అంచు పదునుగా ఉండాలి. జుట్టు, గడ్డం, వరి వెన్నుల వద్ద మెత్తగా ఉండాలి. అంతటా ఒకే మెత్తదనం ఇస్తే మనిషి అట్టముక్కలా తేలిపోతాడు.

నేపథ్యాన్నే మార్చినప్పుడు మరో చిక్కు ఎదురవుతుంది. పచ్చని మడి వెలుగు తెల్లటి పంచె అంచు మీద, గడ్డం కింద లేత ఆకుపచ్చగా పడుతుంది. మనిషిని అక్కడి నుంచి తీసి తెల్లని నేపథ్యం ముందు పెడితే ఆ పచ్చదనం వెంట వస్తుంది. నీడ దిశ కూడా కలవదు. గుర్తింపు పత్రాలకు తెల్లని నేపథ్యం కావలసినప్పుడు తెల్లని గోడ ముందు నిలబెట్టి తీయడమే ఉత్తమం. మాస్కుతో చెవి అంచును, జుట్టును కోసేస్తే ముఖం ఆకృతే మారిపోయి దరఖాస్తు తిరస్కరణకు గురయ్యే ప్రమాదం ఉంది.

పని ముగిశాక ఫొటోను 100 శాతం పరిమాణంలో ఒకసారి, వేలిగోరంత చిన్నదిగా ఒకసారి చూడాలి. మొదటి చూపు అంచు లోపాలను, రెండో చూపు వెలుగు అసహజతను బయటపెడతాయి. చేసిన సవరణ బలాన్ని చివర్లో మూడింట ఒక వంతు తగ్గించి చూస్తే చాలా సందర్భాల్లో అదే మెరుగ్గా ఉంటుంది.

నేపథ్యమే సాక్ష్యమైనప్పుడు

ఇంటి గోడకు తగిలించుకునే ఫొటోలో నేపథ్యాన్ని ఎలా మార్చుకున్నా అది సొంత ఇష్టం. వార్తకు, నష్టపరిహారానికి, చరిత్రకు ఆధారమయ్యే ఫొటో అలాంటిది కాదు. 2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి సమీపంలో తీరం దాటింది. పుదుచ్చేరిలో ఒక్కరోజులోనే 40 సెం.మీ.కు మించి వర్షం కురిసింది. ఆ వెంటనే దక్షిణ పినాకిని పొంగడంతో బాహూరు పరిసర గ్రామాలు ముంపునకు గురయ్యాయి. అటువంటి వేళ మునిగిన పొలం ముందు నిలిచిన రైతు ఫొటోలో ప్రధాన వస్తువు రైతు ఒక్కడే కాదు. ఆయన వెనుక నీరు ఎంత ఎత్తున ఉంది, పైరు ఏ దశలో ఉంది, గోడ మీద నీటి చార ఎక్కడి వరకు వచ్చింది అన్నవి కూడా ముఖ్యమే. మనిషిని స్పష్టంగా చూపాలని నేపథ్యాన్ని మసకబారిస్తే ఆయన గోడును రుజువు చేసే ఆధారమే మాసిపోతుంది. మబ్బులను లేని నలుపుతో నింపితే నిజమైన నష్టం కూడా అనుమానానికి గురవుతుంది.

వార్తా సంస్థల నియమాలు ఇక్కడే గీత గీస్తాయి. అసోసియేటెడ్ ప్రెస్ ప్రమాణాల ప్రకారం చీకటి గదిలో చేసే తరహా స్వల్ప వెలుగు నీడల సవరణకు అనుమతి ఉంది. నేపథ్యాన్ని డిజిటల్‌గా మసకబారించడం, అతిగా నల్లబరచి కనిపించకుండా చేయడం నిషిద్ధం. 2014 జనవరిలో ఆ సంస్థ, సిరియా యుద్ధ చిత్రంలో ఒక మూలనున్న వీడియో కెమెరాను తొలగించినందుకు పులిట్జర్ బహుమతి బృందంలో ఉన్న ఫొటోగ్రాఫర్‌తోనే సంబంధాలు తెంచుకుంది. అంతకు ముందు 2006 ఆగస్టులో లెబనాన్ చిత్రంలో పొగను పెంచి చూపిన ఫొటోగ్రాఫర్ తీసిన 920 చిత్రాలను రాయిటర్స్ తన భాండాగారం నుంచి ఉపసంహరించింది.

నేటి నేపథ్యం రేపటి చరిత్ర కూడా. పుదుచ్చేరిలోని ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 1880 నుంచి 1980 వరకు తమిళనాట స్టూడియోలలో తీసిన కుటుంబ ఫొటోలను బ్రిటిష్ లైబ్రరీ సహకారంతో సేకరించి డిజిటల్ రూపంలో భద్రపరిచారు. వాటిలో మనుషుల వెనుకనున్న రంగుల తెరలు, బల్లలు, పూలకుండీలు నాటి వారు తమను తాము ఎలా చూపుకోవాలనుకున్నారో చెబుతాయి. అప్పట్లో ఎవరైనా అవన్నీ అనవసరమని చెరిపేసి ఉంటే ముఖాలు మాత్రమే మిగిలేవి, కాలం మిగిలేది కాదు.

మాస్కు వాడేవారు గుర్తుంచుకోవలసిన నియమం దీనిని బట్టి తేలుతుంది. కెమెరా పట్టుకోలేకపోయిన వెలుగును తిరిగి తీసుకురావడం సవరణ. అక్కడ లేని వస్తువును చేర్చడం, ఉన్నదానిని దాచడం కల్పన. రెండూ ఒకే కుంచెతో జరుగుతాయి కనుక పనిముట్టును బట్టి తేడా తెలియదు, ఫలితాన్ని బట్టే తెలుస్తుంది. అందుకోసం అసలు ఫైలును మార్చకుండా వేరుగా భద్రపరచాలి. మాస్కులు చెరగని ఫైలు రూపంలోనే సవరించిన చిత్రాన్ని దాచాలి. నేపథ్యాన్ని మార్చిన చిత్రాన్ని ఎవరికైనా పంపితే ఆ మాట వివరణలో రాయాలి. అసలు, సవరించిన చిత్రాలను పక్కపక్కన పెట్టినప్పుడు ఆ చోట ఉన్న మనిషి రెండింటినీ తన ఊరిగానే గుర్తుపట్టగలిగితే మాస్కు తన పని సవ్యంగా చేసినట్టు.